పంచదార అద్దం చెప్పిన పాఠం

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇమ్మని విద్యార్థి సంఘం సాహిత్య కార్యదర్శి నన్ను అడిగినప్పుడు, "నువ్వు సైన్సు వాడివి కదా, అంతరిక్షం గురించో కృత్రిమ మేధ గురించో నాలుగు పేజీలు రాయి, సంచికకు నిండుదనం వస్తుంది" అన్నాడు. ఆ రెంటి గురించీ నాకు తెలిసింది బహు తక్కువ. తెలియనిదాన్ని గూర్చి రాసే కంటే, కళ్ళ ముందే ఉండి కూడా ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయిన ఒక చిన్న సంగతి రాయడం మేలనిపించింది. అందుకే ఈ వ్యాసం పంచదార గురించి.

నవ్వకండి. ఈ ఏడాది వార్షికోత్సవంలో మన వేదిక మీద పగిలిన అద్దం పంచదారతో చేసిందన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. చూసినవారికి అది అర నిమిషం వినోదం. చేసినవారికి మూడు వారాల చదువు. ఆ చదువును గురించీ, దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే మనం తరగతిలో చదువుతున్న చదువును గురించీ నాకు తోచిన నాలుగు మాటలు మీ ముందుంచుతున్నాను. చిన్నవాణ్ణి, తప్పులుంటే అధ్యాపకులు మన్నించాలి.

ముందు ఆ అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. కిందటేడాది మేం వేసిన నాటికలో, తాగి వచ్చిన కొడుకు గోడ మీదున్న తండ్రి ఫొటో తీసి నేలకేసి కొట్టే ఘట్టం ఉంది. రిహార్సల్సులో ఉత్తి చట్రంతో సరిపెట్టేం. అసలు రోజున "సహజంగా ఉండాలి" అన్న పట్టుదలతో నిజమైన అద్దం బిగించేం. నాటికకు సామాన్లు సమకూర్చే పని నాది. ఆ అద్దం కొని తెచ్చిందీ, చట్రంలో బిగించిందీ నేనే. అద్దం భళ్ళున పగిలింది. చెల్లెలి పాత్ర వేసిన అమ్మాయి కథ ప్రకారం చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి అన్న కాళ్ళ మీద పడాలి. వచ్చింది, పడింది, ఏడ్చింది. ఎంత బాగా ఏడ్చిందో అని అందరూ చప్పట్లు కొట్టేరు. తెర పక్కన నిలబడి నేనూ కొట్టేను. తెర పడ్డాక చూస్తే వేదిక మీద రక్తపు అడుగులు. అరికాలిలో గాజు పెంకు దిగింది, మూడు కుట్లు పడ్డాయి. ఆ అమ్మాయి ఎవరినీ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇది మా ఒక్కరి కథ కాదు. మన సీమలో నాటకం లేని ఊరు తక్కువ. తీర్థాలకీ, ఉత్సవాలకీ పందిరి వేస్తే చాలు, కుర్రవాళ్ళు మొహానికి రంగు పూస్తారు. దెబ్బలాట వచ్చిందంటే సీసా పగలాలి. కొన్ని ఊరేగింపుల్లో ట్యూబ్‌లైట్లు ఒంటి మీద బద్దలు కొట్టుకోవడం వీరత్వంగా చెలామణీ అవుతోంది. ఆ గొట్టం లోపల పాదరసపు ఆవిరి, తెల్లటి పూత పొడి ఉంటాయని, పగలగానే ఆ గాలి పీల్చేది తామేనని వాళ్ళకి చెప్పేవారెవరు? సైన్సు చదువుతున్న మనం అదే గుంపులో నిలబడి ఈలలు వేస్తాం.

ఈ ఏడాది అదే ఘట్టం ఉన్న మరో నాటిక ఎంచుకున్నప్పుడు, నిజమైన అద్దం తేవడానికి నేను ఒప్పుకోలేదు. సినిమావాళ్ళు ఏం చేస్తారని వాకబు చేస్తే పంచదార అద్దం సంగతి తెలిసింది. వెనకటి రోజుల్లో పోరాట దృశ్యాల్లో పగిలే కిటికీ అద్దాలు, సీసాలు పంచదార పాకంతో పోత పోసేవారు. స్టూడియో దీపాల వేడికి అవి మెత్తబడడం, గాలిలోని తేమకు జిగురెక్కడం వల్ల తరువాత తరువాత రెసిన్లతో చేసే రకాలు వచ్చేయి. మన చేతికి రెసిన్లు ఎక్కడ అందుతాయి? పంచదార అందుతుంది. పొయ్యి ఉంది. ఇంకేం, పెద్ద పనా అనుకున్నాను.

పెద్ద పనే అయింది. మొదటిసారి రెండు గ్లాసుల పంచదారకి గ్లాసు నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి, గరిటెతో తెగ తిప్పుతూ మరిగించేను. నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో పోసేను. చల్లారేసరికి అద్దం కాదు గదా, సున్నపు రాయిలాంటి తెల్లని అచ్చు తయారైంది. మా అమ్మ వచ్చి చూసి, "పొయ్యి కాడ నీకేం పనిరా? పాకం మరిగేటప్పుడు గరిటె పెట్టి తిప్పుతారా ఎవరైనా? చక్కెర కట్టేస్తది. గిన్నె అంచుకి అంటుకున్న పలుకులు తడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఓ నిమ్మచెక్క పిండాలి" అంది. నిమ్మకాయ ఎందుకని అడిగేను. "ఎందుకేంటి? పిండితే పలుకు కట్టదు. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే" అంది.

రెండోసారి నా తెలివి చూపించి ఒక చెక్కకి బదులు రెండు కాయలు పిండేను. పలుకు కట్టలేదు, నిజమే. పారదర్శకంగా చక్కని పలక వచ్చింది. సాయంకాలానికి అది తేనెలా మెత్తబడి పళ్ళెం అంచుకి జారింది. పొద్దున్న లేచేసరికి మా ఊళ్ళో చీమలన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక్కడ ఆగి కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. పంచదార అణువులు వరస తప్పకుండా పేర్చుకుంటే అది స్ఫటికం. శర్కర అన్న సంస్కృత పదానికి గులక, ఇసుక రేణువు అని అర్థం. ఇంగ్లీషువాళ్ళ షుగర్ అన్న మాటకి మూలం కూడా ఆ శర్కరే. అంటే పలుకు కట్టడం దాని పేరులోనే ఉంది. కరిగించిన పంచదారను, అణువులు వరస కట్టే వ్యవధి ఇవ్వకుండా, నీరు పోగొట్టి చల్లబరిస్తే ఎక్కడివక్కడ చిందరవందరగా బిగుసుకుపోతాయి. చూడ్డానికి ఘనపదార్థం, లోపలి అమరిక మాత్రం ద్రవానిది. దాన్నే గాజు అంటాం. కిటికీ అద్దంలో ఇసుక చేసే పనే పళ్ళెంలో పంచదార చేస్తుంది. తేడా ఏమిటంటే కిటికీ గాజు మెత్తబడాలంటే 500 డిగ్రీలు దాటాలి. పొడి పంచదార గాజుకి సుమారు 60, 70 డిగ్రీలు చాలు. దానిలోకి కొద్దిపాటి నీరు చేరినా ఆ గీత ఇంకా కిందికి దిగి, మామూలు గది వేడికే మెత్తబడుతుంది.

ఇది తెలిసేక మా ఊరి మిఠాయిలన్నీ నాకు కొత్తగా కనిపించేయి. పటికబెల్లం స్ఫటికం. పెళ్ళి సారెలో చెక్క అచ్చుల్లో పోసిన పంచదార చిలక కూడా స్ఫటికమే, లెక్కలేనన్ని చిన్న పలుకులు కలిసి ఉండడం వల్ల అది తెల్లగా ఉంటుంది. వెలుతురు దానిలోంచి సాగిపోలేదు. మా మొదటి పళ్ళెంలో తయారైంది నిజానికి అద్దం కాలేకపోయిన చిలక! తీర్థంలో అమ్మే పీచుమిఠాయి పంచదార గాజే, దారాలుగా వడికింది. అందుకే కాస్త మబ్బు పట్టి గాలి చెమ్మగా ఉంటే చేతిలోనే ముడుచుకుపోతుంది. అంతర్వేది తీర్థంలో కొనుక్కునే జీళ్ళు కూడా ఆ జాతివే, పాకాన్ని సాగదీసి సాగదీసి గాలి బుడగలు చేర్చడం వల్ల తెల్లబడతాయి. ఇన్నేళ్ళుగా వీటిని తింటూనే ఉన్నాను, ఒక్కనాడూ ఎందుకని అడగలేదు.

ఇక నిమ్మకాయ సంగతి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆమ్లం సమక్షంలో చెరుకు చక్కెర నీటితో చర్య జరిపి గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చక్కెరలుగా విడిపోతుంది. ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పే ద్రావణం క్రమంగా ఎడమవైపు తిప్పడం మొదలుపెడుతుంది కనుక దీన్ని చక్కెర విలోమం అంటారు. 1850లో జర్మనీకి చెందిన విల్‌హెల్మీ ఈ చర్య వేగాన్ని కొలవడంతోనే రసాయనిక గతిశాస్త్రానికి నాంది పడింది. మిథ్యా ప్రథమ క్రమాంక చర్యకి ఉదాహరణ రాయమంటే బి.ఎస్సీ. విద్యార్థి ఎవరైనా మొట్టమొదట రాసేది ఇదే. నేనూ రాసేను. మార్కులు పూర్తిగా పడ్డాయి. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మ పిండిన నిమ్మచెక్క ఎందుకో తెలియక "ఎందుకమ్మా?" అని అడిగినవాణ్ణి నేనే! పరీక్షలో నాకు తెలిసిన చక్కెర వేరు, గిన్నెలో మరిగే చక్కెర వేరు అన్నట్టుగా మూడేళ్ళు చదివేను.

గ్లూకోజు, ఫ్రక్టోజు అణువులు మధ్యలో దూరితే పంచదార అణువులు వరస కట్టలేవు. అందుకే నిమ్మరసం పలుకుని ఆపుతుంది. కాని ఆ రెండూ, ముఖ్యంగా ఫ్రక్టోజు, పంచదార కంటే చాలా తక్కువ వేడికే మెత్తబడేవి, పైగా గాలిలో చెమ్మని లాక్కునేవి. కనుక నిమ్మ తగ్గితే చిలక, ఎక్కువైతే తేనె. రెండిటికీ నడుమ ఎక్కడో అద్దం ఉంది.

మా మామ్మ పుట్టిల్లు గోదావరి లంక. వాళ్ళ నాన్నగారి రోజుల్లో చెరుకు ఆడి బెల్లం వండేవారట. ఈ గొడవంతా విని మామ్మ, "మేం సున్నం వేసేవాళ్ళం రా. సున్నం చాలకపోతే బెల్లం గట్టిపడదు, జావలా జారిపోద్ది. నరికిన చెరుకు రెండ్రోజులు నిలవుంచి ఆడినా అంతే" అంది. చూశారా? చెరుకు రసంలో పుల్లదనం ఉంటే విలోమం జరిగి బెల్లం అచ్చు కట్టదు. సున్నం ఆ పుల్లదనాన్ని విరిచేస్తుంది. బెల్లం వండేవాడికి పలుకు కట్టాలి, కాబట్టి సున్నం. అద్దం పోసేవాడికి పలుకు కట్టకూడదు, కాబట్టి నిమ్మ. ఒకే చర్యని ఒకరు ఆపుతున్నారు, ఒకరు పిలుస్తున్నారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టిన పాఠ్యపుస్తకం నాకు ఇంతవరకు తారసపడలేదు. మా ఇంట్లో మాత్రం ఒకే వరండాలో అత్తాకోడళ్ళ నోట వినిపించేయి.

మూడోసారి పద్ధతిగా చేసేం. రెండు గ్లాసుల పంచదార, గ్లాసు నీళ్ళు, అర గ్లాసు లిక్విడ్ గ్లూకోజు. ఇది బేకరీ సామాన్ల కొట్లో దొరుకుతుంది. మొక్కజొన్న పిండి నుంచి తీస్తారు. దీనిలోని పొడుగాటి అణువులు పలుకుని అడ్డుకుంటాయి, నిమ్మరసం అంతగా జిగురెక్కించవు. దానితో పాటు నాలుగు చుక్కల నిమ్మరసం. కరిగేదాకా తిప్పి, మరుగు పట్టేక గరిటె తియ్యడమే. ఎంతవరకు మరగాలన్నది అసలు ప్రశ్న. నీరు ఆవిరైపోయిన కొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది. 110 డిగ్రీల దగ్గర తీగ పాకం, 120 దాటితే ఉండ పాకం, 150 దగ్గర నీరు నూటికి ఒక పాలు కంటే మిగలదు. అద్దానికి కావలసింది ఆ ముదురు పాకం. 160 దాటితే రంగు మారి కమురు వాసన వస్తుంది.

నా దగ్గరున్న థర్మామీటరు 110 వరకే చూపిస్తుంది. ద్రవీభవన స్థానం కనుక్కునే ప్రయోగంలో వాడే 360 డిగ్రీల థర్మామీటరు, తేమ తగలకుండా దాచుకోవడానికి డెసికేటరు ఇమ్మని ప్రయోగశాలలో అడిగేను. "సిలబస్సులో లేని పనికి ఇవ్వడం కుదరదు" అన్నారు. వారిని నేను తప్పుపట్టను. వస్తువు పగిలితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పుకోవలసింది వారు. చివరికి ఒక మాస్టారు తన బాధ్యత మీద థర్మామీటరు ఒక్కటి ఇప్పించేరు. డెసికేటరు రాలేదు.

థర్మామీటరు పట్టుకుని పొయ్యి దగ్గర నుంచుంటే మా అమ్మ నవ్వి, పళ్ళెంలో చన్నీళ్ళు పోసి, ఒక బొట్టు పాకం దాన్లో వేసింది. గట్టిపడ్డ బిళ్ళని తీసి పళ్ళానికేసి కొట్టింది. టప్పుమంది. "ఇంకా రాలేదు" అంది. కాసేపటికి మళ్ళీ వేసింది. ఈసారి ఠంగుమంది. "దించెయ్" అంది. నేను థర్మామీటరు చూసేను, 149. పప్పుచెక్క పాకానికి మా వాళ్ళు చూసే పరీక్ష అదే. ఆ వారంలో ఇంకా రెండుసార్లు పాకం పట్టేం. ఆవిడకి అంకె చూపించకుండా, ఠంగుమన్నప్పుడల్లా నేను రాసుకున్నాను. మూడుసార్లూ 148కీ 152కీ మధ్యనే ఉంది. మా అమ్మ ఏడో తరగతితో చదువు మానేసింది. ఆవిడ చెవి చెప్పినదాన్ని నేను సైన్సు అంటున్నాను. ఎవరైనా కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. పదేపదే చేసినా అదే ఫలితం వచ్చేదాన్నే కదా మనం ప్రయోగం అని రికార్డు పుస్తకంలో రాసుకుంటాం!

కొబ్బరినూనె రాసిన పళ్ళెంలో మూడు మిల్లీమీటర్ల మందాన పోసిన ఆ పలక, ఫొటో అంత సైజుకి సుమారు పావుకిలో బరువు వచ్చింది. మాఘమాసపు మంచుకి అది చెమ్మగిల్లకుండా, అమ్మ ఉప్పు జాడీలో వేయించిన బియ్యం వేసే చిట్కానే వాడేం. బిస్కెట్ల డబ్బాలో మూటగట్టిన వేయించిన బియ్యం అడుగున వేసి, పైన పలక పెట్టి, మూతకి టేపు చుట్టేం. రెండు రోజులు ఆగింది. వేదిక మీద పగిలింది. చెల్లెలి పాత్ర ఈసారీ ఆ అమ్మాయే వేసింది. చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చింది. తెర పడ్డాక నేను మొదట చూసింది వేదిక నేలనే.

అయితే ఇది ఆటబొమ్మ కాదని కూడా చెప్పి తీరాలి. 150 డిగ్రీల పాకం మరిగే నీళ్ళకంటే చాలా ప్రమాదం. మీద పడితే జారిపోదు, చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పక్కన బకెట్టుతో చన్నీళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు, కాళ్ళకి చెప్పులు లేకుండా, పిల్లలు చుట్టూ తిరుగుతుండగా ఎవరూ ఆ పని చెయ్యకూడదు. పగిలిన పంచదార అద్దానికీ అంచులుంటాయి. మామూలు గాజులా లోతుగా కొయ్యకపోవచ్చు గాని గీరుకుంటుంది, కంట్లో పడితే ప్రమాదమే. మొహం దగ్గర పగలగొట్టరాదు. పలుచగా పొయ్యాలి. పగిలేక వెంటనే ఊడవాలి, లేకపోతే చీమలు ఎలాగూ ఊడుస్తాయి.

ఇంతటితో ఆపేస్తే ఇదొక సరదా కథ. నేను చెప్పదలచుకున్నది దీని తరువాతి సంగతి.

మాకు రెండెకరాల వరి, గట్ల మీద కొబ్బరి. మిగిలిన పలక ముక్క నాన్నకి చూపించి, "చెమ్మ లేకపోతే ఠక్కున విరుగుద్ది, చెమ్మ తగిలితే వంగుద్ది" అని గొప్పగా చెప్పేను. నాన్న మాట్లాడకుండా గాదెలోంచి నాలుగు వడ్లు తీసి, పంటి కింద పెట్టి కొరికేడు. "కటుక్కుమంటే ఎండినట్టు. నలిగితే పచ్చి. ఇందులో కొత్తేముందిరా?" అన్నాడు.

నిజంగానే కొత్త లేదు. వరిగింజలోని పిండి పదార్థం కూడా చెమ్మని బట్టి, వేడిని బట్టి గాజులా బిరుసుగానో, రబ్బరులా మెత్తగానో ఉంటుంది. బాగా ఎండిన గింజ మీద మంచో వానో పడితే పైపొర నీరు పీల్చి ఉబ్బుతుంది, లోపల ఎండుగానే ఉంటుంది. ఆ లాగుడుకి గింజ లోలోపల చిట్లుతుంది. పైకి కనపడదు. మిల్లులో పడ్డాక నూక అవుతుంది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు కళ్ళంలో ఉన్న మా ధాన్యం తడిసింది. మళ్ళీ ఆరబెట్టి తీసుకెళ్తే, తేమ ఎక్కువుందని ఒకచోట, నూక ఎక్కువొస్తుందని ఇంకోచోట కోత పెట్టేరు. ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. ఆ 17 దాటిందో లేదో చెప్పేది చేతిలో పట్టే చిన్న మిషను. "ఆ మిషను చెప్పే అంకె నా పంటికి తెలుసు. నా పన్ను చెప్పేది ఎవడు నమ్ముతాడు?" అన్నాడు నాన్న. నేను బి.ఎస్సీ. చదువుతున్నాను. ఆ మిషను ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు తప్పు చెబుతుందో నాన్నకి వివరించలేకపోయేను.

తరువాత చదివి తెలుసుకున్నాను. అలాంటి మిషన్లు గింజ విద్యుత్ ధర్మాన్ని కొలిచి దాన్నిబట్టి తేమని అంచనా వేస్తాయి. ధాన్యం రకాన్ని బట్టి, వేడిని బట్టి దాన్ని సరిదిద్దుకోవాలి. లేకపోతే అంకె మారుతుంది. అసలైన పద్ధతి వేరే ఉంది. ధాన్యం తూచి, ఓవెనులో ఆరబెట్టి, మళ్ళీ తూచి, తగ్గిన బరువుని లెక్క కట్టడం. దానికి కావలసినవి ఒక ఓవెను, ఒక తక్కెడ. ఈ రెండూ లేని సైన్సు కళాశాల ఉంటుందా?

1976లో 42వ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చేర్చినప్పుడు, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అన్నారు. వక్తృత్వపు పోటీల్లో ఆ వాక్యం మనం దంచుతాం. దృక్పథం ఉపన్యాసంలోంచి పుట్టదు, చేతికి మసి అంటితే పుడుతుంది. మనకి కమ్యూనిటీ సర్వీసు ప్రాజెక్టు అని ఒకటుంది. ఊళ్ళోకి వెళ్ళి సమస్యలు తెలుసుకుని నివేదిక రాయాలి. మంచి ఆలోచనే. మనలో ఎంతమంది నిజంగా వెళ్ళి రాశాం, ఎంతమంది పాత నివేదిక ముందు పెట్టుకుని ఊరి పేరు మార్చి రాశాం? నేను రెండో రకం. ఒప్పుకుంటున్నాను కనుక మిమ్మల్ని అడిగే హక్కు నాకుందనుకుంటున్నాను.

"ఇవన్నీ వంటింటి కబుర్లు, పోటీ పరీక్షలకి పనికొస్తాయా?" అని మిత్రులు అడగవచ్చు. భౌతికశాస్త్రంలో 1977లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆండర్సన్, గాజు స్వభావం ఏమిటన్నది ఘనస్థితి శాస్త్రంలో ఇంకా తేలని ప్రశ్నలన్నిటిలోకీ బహుశా అతి లోతైనదని 1995లో రాశాడు. అంత పెద్దవాడికి తేలని ప్రశ్న మా ఇంటి పళ్ళెంలో చల్లారుతుంటే, దాన్ని వంటింటి కబురని తీసిపారేసే అర్హత మనకెక్కడిది? వంటిల్లు అనగానే చిన్నచూపు ఎందుకంటే, అక్కడ పనిచేసేది మన అమ్మలు కనుక. పొలం అనగానే చిన్నచూపు ఎందుకంటే, అక్కడ పనిచేసేది మన నాన్నలు కనుక. ఈ రెండు చిన్నచూపులూ పోనంతవరకు మనం ఎన్ని సూత్రాలు బట్టీయం వేసినా అవి పరీక్ష హాలు గుమ్మం దాటవు.

కనుక మూడు మనవులు చేసుకుంటున్నాను.

విద్యార్థి సంఘానికి: ఇకమీదట మన వేదిక మీద నిజమైన గాజు పగలగొట్టరాదని ఒక తీర్మానం చెయ్యండి. కావలసిన అద్దాలు పోసి ఇచ్చే పూచీ మాది.

అధ్యాపకులకు: వారానికి ఒక్క గంట, సిలబస్సులో లేని పనికి ప్రయోగశాల తెరవండి. పగిలిన వస్తువు ఖరీదు మేం కట్టుకుంటాం. ప్రశ్న ఇంటి నుంచి మేం తెస్తాం, ఎలా కొలవాలో మీరు చెప్పండి.

పూర్వ విద్యార్థులకు: మీరు సన్మానాలకీ, శిలాఫలకాలకీ ఉదారంగా ఇస్తున్నారు. ఈసారి సార్వా కోతలకి, మన కళాశాల గుమ్మంలో ఒక బల్ల వేసి, చుట్టుపక్కల రైతులు తెచ్చిన గుప్పెడు ధాన్యానికి ఓవెను పద్ధతిలో తేమ కొలిచి చీటీ రాసిచ్చే ఏర్పాటుకి సాయపడండి. ఆ చీటీకి చట్టంలో విలువ ఉండకపోవచ్చు. అమ్మకానికి వెళ్ళే రైతుకి తన గింజ సంగతి తనకి కచ్చితంగా తెలిసి ఉంటుంది. బేరమాడేవాడికి అది చిన్న బలం కాదు.

కార్యదర్శి మిత్రుడు కోరిన అంతరిక్షం గురించి రాయలేకపోయినందుకు మన్నించాలి. మా అమ్మకి ఈ వ్యాసం చదివి వినిపించేను. అంతా విని, "నిమ్మచెక్క అంతే చాలని మరోసారి గట్టిగా రాయి, ఎవరైనా రెండు కాయలు పిండేస్తారు" అంది. రాసేను.